పెరటి చెట్టుకు పరదేశపు పతకం

మొన్న ఆదివారం మా అక్క కొడుకు డల్లస్ నుంచి వీడియో కాల్ చేశాడు. మాటల మధ్యలో మా అమ్మాయి బల్ల మీదున్న పుస్తకాలు వాడి కంటపడ్డాయి. "పిన్నీ, ఆ నల్ల టోపీ బొమ్మ పుస్తకం ఎవరిది? దానికి ఐస్నర్ అవార్డు వచ్చింది తెలుసా? కామిక్స్ వాళ్ళకి అది ఆస్కార్ లాంటిది" అన్నాడు.

అంతే, నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. మావారికి చెప్పాను. అత్తయ్యగారికి చెప్పాను. పాలు తీసుకోవడానికి కిందకి వెళ్ళినప్పుడు మొదటి అంతస్తు ఆవిడక్కూడా చెప్పొచ్చాను. "మా పిల్ల చదివేవి ఆషామాషీ బొమ్మల పుస్తకాలు కావండీ, అమెరికాలో అవార్డు వచ్చినవి" అని. సాయంత్రం అమ్మాయి ఆరిన బట్టలు మడతపెడుతుంటే, ఏదో బహుమానం ఇస్తున్నట్టు దానికీ చెప్పాను.

అది తలెత్తకుండానే అంది: "ఆ అవార్డు 2020లోనే వచ్చిందమ్మా. నువ్వు వాటిని పాత పేపర్లతనికి వేసింది 2021లో."

నిజమే. ఇంటర్ రెండో ఏడు. ఆన్‌లైన్ క్లాసులు. ఎంసెట్ భయం. పుట్టినరోజుకి వచ్చిన డబ్బులు దాచుకుని కొనుక్కున్న అయిదు పుస్తకాలు, అది స్నానానికి వెళ్ళినప్పుడు పాత దినపత్రికలతో కలిపి తూకానికి వేసేశాను. కిలో పన్నెండు రూపాయలు. అది ఏడవలేదు, అరవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదంతే. నేనేమో "చదువు మీద ధ్యాస పెట్టింది" అని సంబరపడ్డాను. ఇప్పుడు బల్ల మీదున్నవి బీటెక్‌లో చేరాక మళ్ళీ కొనుక్కున్నవి.

ఆ పుస్తకం పేరు 'విచ్ హ్యాట్ అటెలియె'. కమోమె షిరహామా అనే జపాన్ ఆవిడ రాసి, బొమ్మలు వేస్తున్న మాంగా. అందులో కోకో అనే చిన్నపిల్ల బట్టలు కుట్టే తల్లి దగ్గర పెరుగుతుంది. తెలియక వేసిన మంత్రం వల్ల తల్లి రాయైపోతుంది. ఆ తల్లిని మళ్ళీ మనిషిని చేసుకోవడానికి ఆ పిల్ల మంత్రవిద్య నేర్చుకోవడానికి బయల్దేరుతుంది. ఇదీ కథ. రాయైపోయిన తల్లి కథని కాటాలో వేసిన తల్లిని నేను. అవార్డు మాట విన్నాక గానీ ఆ పుస్తకం తెరిచి చూడాలని కూడా నాకు తోచలేదు.

అందుకని ఈసారి నా మీద నేనే ఫిర్యాదు రాసుకుంటున్నాను. ఫిర్యాదు నాతో ఆగదు లెండి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనదే. అదే చెట్టుకి పరదేశం వాడొచ్చి పతకం కడితే పసుపు కుంకుమలు పెట్టేదీ మనమే. ఈ నెలంతా అమ్మాయిని అడిగి, దొరికింది చదివి, ఈ అవార్డుల సంగతి కాస్త తెలుసుకున్నాను. నాకు తేలిందేమిటంటే, మాంగా మంచిదో కాదో తేల్చే అధికారం పాశ్చాత్య అవార్డులకు లేదు. వాటికి చేతనైన మంచిపని ఒకటుంది, అది తలుపు తీయడం. తలుపు తీసిన మనిషిని ఇంటి యజమాని అనుకోవడం దగ్గరే మనం పొరపాటు పడుతున్నాం.

ముందు ఆ అవార్డు ఏమిటో చూద్దాం. ఐస్నర్ అవార్డులు విల్ ఐస్నర్ అనే అమెరికన్ బొమ్మల కథకుడి పేరు మీద 1988లో మొదలయ్యాయి. ఏటా శాన్ డియాగోలో జరిగే కామిక్-కాన్‌లో ఇస్తారు. అందులో మాంగాకి దొరికే ముఖ్యమైన చోటు ఒక ప్రత్యేక విభాగం. దాని పేరు నిదానంగా చదవండి: ఆసియా నుంచి వచ్చిన రచనకి ఉత్తమ అమెరికా ముద్రణ. అంటే బహుమతి జపాన్‌లో అచ్చయిన పుస్తకానికి కాదు, దానికి అమెరికాలో వచ్చిన ఇంగ్లీషు ముద్రణకి. జపాన్‌లో ఎప్పుడో వచ్చి, లక్షలమంది చదివేసి, పిల్లలకి అందించిన పుస్తకమైనా సరే, ఇంగ్లీషులో అచ్చయిన ఏడాదే దాని పుట్టిన తేదీ. పైగా ఆసియా మొత్తానికీ ఒకటే విభాగం. జపాన్, కొరియా, చైనా అన్నీ అందులోనే సర్దుకోవాలి. పెళ్ళిలో మగపెళ్ళివారికి పట్టె మంచాలు, మిగతా చుట్టాలందరికీ కలిపి ఒక హాలు, నాలుగు చాపలు! 2020లో ఆ ఒక్క చాప మీదే ఇద్దర్ని కూర్చోబెట్టారు. షిరహామా పుస్తకానికీ, తైయో మత్సుమోతో గీసిన 'క్యాట్స్ ఆఫ్ ది లూవ్ర్'కీ కలిపి ఇచ్చారు.

తప్పని అనను. వాళ్ళ భాషలో వచ్చిన పుస్తకాలకి వాళ్ళు బహుమతులు ఇచ్చుకుంటున్నారు. దాన్ని ప్రపంచ తీర్పు అనుకునేది మనం.

మరి మాంగా వేసేవాళ్ళ తలరాత ఎవరు రాస్తారు? 1968లో మొదలైన 'షోనెన్ జంప్' అనే పత్రిక సంగతి మా అమ్మాయి చెప్పింది. పత్రికతో పాటు ఒక కార్డు వస్తుంది. ఆ సంచికలో బాగా నచ్చిన మూడు కథలేవో పాఠకులు రాసి పంపుతారు. కార్డుల్లో వెనకబడిన కథ నెలల్లో ఆగిపోతుంది. ముందున్నది ఏళ్ళ తరబడి నడుస్తుంది. వారం వారం పరీక్షే. పదో తరగతి పిల్లవాడు స్కూలు నుంచి వస్తూ చదివి, టిక్కు పెట్టి పోస్టుడబ్బాలో వేసే కార్డుకి భయపడినట్టు, ఆ ఇంట్లో ఎవరూ శాన్ డియాగో వేదికకి భయపడరు.

బహుమతులంటారా, వాళ్ళకి లేక కాదు. షోగకుకాన్ బహుమతి 1950ల నుంచి ఉంది. కోదాన్షా బహుమతి 1977 నుంచి ఉంది. ఒసాము తెజుకా పేరు మీద అసాహి పత్రిక 1997 నుంచి సాంస్కృతిక పురస్కారం ఇస్తోంది. 2008లో మొదలైన 'మాంగా తైషో'లో అయితే ఓటేసేవాళ్ళలో ఎక్కువమంది పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్ళే. అంటే పుస్తకాన్ని చేత్తో పట్టుకుని "ఇది చదవండి" అని అమ్మే మనుషులు. ఆ అవార్డు నాకు భలే నచ్చింది. వంటకి మార్కులు వడ్డించే మనిషి వేసినట్టుంది.

ఇప్పుడు రూమికో తకహాషి సంగతి వినండి. 1957లో నీగతలో పుట్టారు. 1978లో, కాలేజీ వయసులోనే, మగపిల్లల వారపత్రికలో అడుగుపెట్టారు. ఆడవాళ్ళు అమ్మాయిల పత్రికలకే వేయాలనుకునే రోజుల్లో అది సాహసమే. 'ఉరుసె యత్సురా', 'రన్మా', 'ఇనుయాషా' అన్నీ ఆవిడవే. అద్దె ఇళ్ళ సముదాయాన్ని చూసుకునే ఒక యువ వితంతువు మళ్ళీ ప్రేమలో పడే కథ, 'మేజోన్ ఇక్కోకు', 1980లో మొదలుపెట్టి ఏడేళ్ళు నడిపించారు. మనవాళ్ళు ఇంకా ఆ మాట ఎలా ఎత్తాలా అని గొంతు సవరించుకుంటున్న కాలమది! ఆవిడ పుస్తకాల ప్రతులు 20 కోట్లు దాటాయని 2017లోనే ప్రకటించారు. ఆ తర్వాత 2018లో ఐస్నర్ వాళ్ళు ఆవిడని తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2019లో ఫ్రాన్సులోని ఆంగూలెమ్ ఉత్సవం వాళ్ళు తమ అత్యున్నత బహుమతి ఇచ్చారు. నలభై ఏళ్ళు వంట చేసి ఊరందరికీ పెట్టిన మనిషి దగ్గరికొచ్చి "మీకు వంట వచ్చండీ" అని ధ్రువపత్రం ఇచ్చినట్టు లేదూ?

ఆ ఆంగూలెమ్ కథ ఇంకొంచెం ఉంది. 1974లో మొదలైన పెద్ద ఉత్సవం అది. 2016లో అత్యున్నత బహుమతి కోసం 30 పేర్లు ప్రకటించారు. ముప్ఫై మందిలో ఒక్క స్త్రీ లేదు! గొడవైంది. జాబితాలో ఉన్న మగవాళ్ళే కొందరు సిగ్గుపడి తమ పేర్లు తీసెయ్యమన్నారు. నిర్వాహకుల సమాధానం ఏమిటంటే, బొమ్మల కథల చరిత్రలో స్త్రీలు తక్కువట. చివరికి ఆ జాబితానే పక్కన పెట్టేశారు.

స్త్రీలు తక్కువా? రియోకో ఇకెదా అనే జపాన్ ఆవిడ 1972లో 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' మొదలుపెట్టింది. అది ఎవరి కథనుకున్నారు? ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్ కథ. వాళ్ళ రాణిని, వాళ్ళ విప్లవాన్ని ఒక జపాన్ స్త్రీ బొమ్మల్లో గీసి జపాన్ ఆడపిల్లలందరి చేతా కన్నీళ్ళు పెట్టించింది. 44 ఏళ్ళ తర్వాత కూడా ఆ దేశపు ఉత్సవానికి చరిత్రలో స్త్రీలు కనబడలేదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా చాకిరీ చేసి, "మీరేం చేస్తుంటారు?" అన్న ప్రశ్నకి "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అని జవాబు చెప్పిన వాళ్ళమేగా మనం!

అందుకే అంటాను, అవార్డు ఎవరికి వచ్చిందన్నది అందుకున్నవాళ్ళ గురించి చెప్పేదానికన్నా ఇచ్చినవాళ్ళ చూపు గురించే ఎక్కువ చెబుతుంది. 2019లో తకహాషి గొప్పవారు కాలేదు, ఆంగూలెమ్‌కి కళ్ళజోడు దొరికిందంతే.

ఇకెదా మాంగాని 1974లో జపాన్‌లో నాటకంగా వేసింది తకరజుకా బృందం. అందరూ ఆడవాళ్ళే ఉండే సంస్థ. మగవేషాలూ వాళ్ళే కడతారు. అదే బృందం 2024 జనవరిలో ఏం ఆడిందో తెలుసా? మన 'ఆర్‌ఆర్‌ఆర్'! జపాన్ ఆడపిల్లలు భీమ్‌గా, రామ్‌గా వేదిక ఎక్కారు. ఆ సినిమా జపాన్ థియేటర్లలోకి వచ్చింది 2022 అక్టోబరులో. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది 2023 మార్చిలో. ఆ పతకం దాకా ఆగకుండానే వాళ్ళకి ఆ సినిమా నచ్చింది. మనింట్లో మాత్రం? ఆ పాట టీవీలో వస్తే "ఏం గోలరా, సౌండు తగ్గించు" అన్న మా అత్తయ్యగారే, ఆస్కార్ వచ్చిన పొద్దున్న "మన పాటేనే" అంటూ సౌండు పెంచమన్నారు. పాట మారలేదు, చెవులు మారాయి. అత్తయ్యగారిని అనేముంది, నేను చేసిందీ అదేగా.

ఇక్కడిదాకా చదివి "అయితే ఆ అవార్డులు దండగే అంటావా" అని మీరడగొచ్చు. మా అమ్మాయి స్నేహితులు అదే అంటారు. మాంగా అభిమానులకి ఐస్నర్ అంటే లెక్కే లేదట. జపాన్‌లో కోట్లమంది చదువుతుంటే ఎవడో అమెరికావాడి ముద్ర మాకెందుకు అంటారు. వాళ్ళ పౌరుషం నాకు ముచ్చటగానే ఉంది. కానీ అక్కడ నేను వాళ్ళతోనూ ఒప్పుకోను. కోట్లు అమ్ముడుపోయే పుస్తకానికి అవార్డు అక్కర్లేదు, నిజమే. మరి అమ్ముడుపోని పుస్తకం సంగతేమిటి?

ఫుజివారా మాకి అనే ఆవిడ గురించి చెబుతాను. ఆవిడ నాటకాల్లో నటి. భర్త యోషిహారు త్సుగే, మాంగా లోకంలో చాలా పెద్ద పేరు. 1960ల్లో 'గారో' పత్రికలో ఆయన వేసిన కథల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరు పెద్దదే గానీ ఇంట్లో డబ్బు లేదు. ఆయనకి మానసికంగా బాగోదు, పని చేయలేని రోజులు ఎక్కువ. కొడుకు కిండర్‌గార్టెన్ పిల్లాడు. వాడి చిన్నతనాన్ని దాచుకోవాలని మాకికి ఆశ. కెమెరా కొనే స్తోమతు లేదు. అందుకని 1981లో బొమ్మల డైరీ మొదలుపెట్టింది. రోజుకో బొమ్మ, నాలుగు మాటలు. ఆ రోజు ఏం వండింది, పిల్లాడు ఏం చేశాడు, ఆయనకి ఎలా ఉంది. పెద్దయ్యాక కొడుకు చూసుకుంటాడని వేసింది గానీ అచ్చు వేయించడానికి కాదు.

ఆ డైరీ జపాన్‌లో 1982లో పుస్తకంగా వచ్చింది. మాకి 1999లో కేన్సర్‌తో పోయింది. ర్యాన్ హోమ్‌బర్గ్ అనే అనువాదకుడు దాన్ని ఇంగ్లీషులోకి తెస్తే 2023లో 'మై పిక్చర్ డైరీ' పేరుతో వచ్చింది. 2024లో ఆ ఆసియా విభాగపు ఐస్నర్ అవార్డు దానికే ఇచ్చారు.

ఆలోచించండి. ఆవిడకి ఆ అవార్డు వల్ల ఏం ఒరిగింది? ఏమీ లేదు. పోయి పాతికేళ్ళయింది. పోనీ జపాన్‌లో అభిమానులకి? వాళ్ళ భాషలో పుస్తకం ముందే ఉంది. కానీ నాకు ఒరిగింది. అవార్డు జాబితాలో చూసి మా అమ్మాయి ఆ పుస్తకం తెప్పించి "అమ్మా, ఇది నువ్వు చదవాల్సింది" అని నా చేతిలో పెట్టింది. ఉతికిన బట్టలు, ఉడికిన కూర, మంచం దిగని మొగుడు, పిల్లాడి జ్వరం. అంతా ఆడవాళ్ళు ఎవరూ చూడకుండా రోజూ చేసే పని. దాన్ని నలభై ఏళ్ళ క్రితం జపాన్‌లో ఒక ఇల్లాలు బొమ్మేసి దాచింది. ఆ పలకకీ నా వంటింటికీ మధ్య ఒక అనువాదకుడు, ఒక చిన్న ప్రచురణకర్త, ఒక అవార్డు ఉన్నారు. తలుపు తీయడమంటే ఇదీ. ఇలాంటి పుస్తకానికి ఆ ముద్ర అక్కరకొస్తుంది. లైబ్రరీలో కొనేవాళ్ళు జాబితా చూసి కొంటారు. ఇలాంటిదే ఇంకో పుస్తకం అనువదించడానికి ఇంకొకరికి ధైర్యం వస్తుంది.

అందుకే నా లెక్క ఇది. నలుగురూ చదివే పుస్తకానికి విదేశీ అవార్డు ఇస్తే అది పెళ్ళివారి మర్యాద, పుచ్చుకుని పక్కన పెట్టొచ్చు. ఎవరూ చూడని పుస్తకానికి ఇస్తే అది ఉపకారం, దండం పెట్టొచ్చు. రెండింట్లో ఏదైనా సరే, దాన్ని పిల్లల ఇష్టానికి కొలబద్ద చేయకూడదు.

చివరగా మోతో హగియో మాట. 1949లో పుట్టి, 1969లో మాంగా మొదలుపెట్టి, అమ్మాయిల మాంగా రూపాన్నే మార్చేసిన ఆవిడ. ఇంట్లో తల్లికి ఆ పని ససేమిరా ఇష్టం లేదు. కూతురు దేశమంతా పేరు తెచ్చుకున్నాక కూడా ఇష్టం లేదు. తల్లి కంటికి కూతురు ఉడుములా కనబడే కథ ఒకటి హగియో 1992లో వేసింది, 'ఇగువానా గర్ల్' అని. కడుపులో ఎంత బాధ ఉంటే అలాంటి కథ వస్తుంది! ఆవిడని ఐస్నర్ వాళ్ళు 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, ఆంగూలెమ్ వాళ్ళు 2024లో గౌరవించారు. కానీ తల్లి మనసు మారింది వీటివల్ల కాదు. షిగేరు మిజుకి అనే మాంగా కళాకారుడి భార్య తన కాపురం గురించి పుస్తకం రాసింది. 2010లో జపాన్ టీవీలో దాన్ని రోజూ పొద్దున్నే సీరియల్‌గా వేశారు. అది చూశాక గానీ కూతురు చేసేది ఎంత కష్టమైన పనో ఆ తల్లికి అర్థం కాలేదు. నలభై ఏళ్ళు పట్టింది. ఒక ఇల్లాలు రాసిన మాట ఇంకో ఇల్లాలికి చేరితే ఆ ఇంట్లో మంచు కరిగింది. ఆ వయసులో ఆ తల్లి నోటి నుంచి వచ్చిన మాట కన్నా శాన్ డియాగో పతకం హగియోకి పెద్దదంటే నేను నమ్మను.

మనం చిన్నప్పుడు 'చందమామ' కోసం నెలంతా ఎదురుచూసి, వపా గారి ముఖచిత్రాన్ని అరచేత్తో నిమిరినప్పుడు దానికి ఏ దేశపు అవార్డు వచ్చిందని అడిగామా? మన పిల్లల్ని మాత్రం ఎందుకు అడుగుతున్నాం? మార్కులొస్తాయా, పనికొస్తుందా, ఎవరైనా గొప్పవాళ్ళు మెచ్చుకున్నారా? ఈ మూడు ప్రశ్నలకన్నా ముందు "ఇందులో నీకేం నచ్చిందే?" అని ఒక్కసారి అడిగి ఉంటే, నా చేతుల మీదుగా ఆ అయిదు పుస్తకాలు కాటాలోకి వెళ్ళేవి కావు.

నిన్న రాత్రి పనంతా అయ్యాక 'విచ్ హ్యాట్' మొదటి భాగం తీసుకుని కూర్చున్నాను. మన పుస్తకంలాగే తెరిచాను. "అది చివరమ్మా, కుడివైపు నుంచి మొదలెట్టాలి" అని అమ్మాయి నవ్వింది. ఆ అయిదు పుస్తకాల డబ్బు దాని చేతిలో పెట్టబోతే తీసుకోలేదు.

"ముందు చదువు. వాళ్ళమ్మ రాయి అయ్యేచోటికి వచ్చాక నన్ను లేపు" అని పడుకుంది.